గోపాలపురంలో ఆరు రోజులు

గోపాలపురమంటే గోదావరి జిల్లాల్లోని గోపాలపురాలు కావు. మేము చెప్పబోయేది గంజాం జిల్లా గోపాలపురం. బరంపురానికి పదిమైళ్ళ దూరంలో, సముద్రపు టొడ్డున ఉన్న చిన్న ఊరు. బరంపురం వాస్తవ్యులకు దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, కాళ్ళు తడుపుకొని, చీకటి పడేవేళకు ఇల్లు చేరుకోవడం అక్కడ ప్రతి కుటుంబానికీ అలవాటే. హోసూరులోనో, సోలాపురంలోనో, యానాంలోనో ఉన్న చదువరుల కోసం మాత్రం నాలుగు ముక్కలు చెప్పవలసి ఉన్నది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోనిది. ఆ రోజుల్లో గోపాలపురం పెద్ద రేవు. ఇక్కడినుంచి స్టీమర్లు రంగూనుకు పోయేవి. కూలికని, నౌకరీకని, వర్తకానికని గంజాం మనుషులు ఎందరో ఈ ఇసుక మీదనుంచే పడవెక్కి బర్మా వెళ్ళారు. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడినవి. 1942 మార్చిలో ఆ నగరం జపానువారి వశమయింది. దానితో ఆ రాకపోకలూ పోయినవి, రేవు కళా పోయింది. ఇప్పుడు కొత్త రేవు వేరే చోట ఉన్నది. పాత జెట్టీ తాలూకు స్తంభాలు కొన్ని మాత్రం, ఎవరికోసమో కాచుకొని ఉన్నట్టు, నీళ్ళలో నిలబడి ఉన్నవి.

మా తాతగారు రంగూనులో ఒక కలప వర్తకుని దగ్గర గుమాస్తాగా ఉండి, యుద్ధం రోజుల్లో చేతిపెట్టెతో తిరిగివచ్చినవారు. పదేళ్ళు బరంపురంలో వ్యాపారం చేసి, 1952లో గోపాలపురంలో ఒక పాత ఇల్లు కొన్నారు. తాను పడవెక్కిన చోటు కనబడేటట్టు ఉండాలని కొన్నానని ఆయన చెప్పేవారట. చవకగా వచ్చింది గనుక కొన్నారని మా నాయనమ్మ చెప్పేది. నాలుగు గదులు, ముందు పెద్ద వరండా, వెనక ఒక చీకటి గది. అంతే ఇల్లు.

పోయిన కార్తీకంలో మేమందరం ఆ ఇంట్లో ఆరు రోజులున్నాము. బరంపురంనుంచి పెద్దన్నయ్య, వదిన. బెంగుళూరునుంచి రెండో అన్నయ్య కుటుంబం. విశాఖపట్నంనుంచి చెల్లెలు, మరిది. ఇంకా మేము, పిల్లలు, కొత్తకోడలు — మొత్తం పదమూడు మందిమి. గాలి మార్పు కోసమని అందరితో చెప్పామే గాని, అసలు సంగతి అది కాదు. ఇంటిని బాగుచేయించి అద్దెకివ్వాలని అన్నదమ్ములం అనుకొన్నాము. అద్దెకివ్వాలంటే ముందు ఖాళీ చేయాలి కదా!

సముద్రపు టొడ్డున ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఒక జబ్బు ఉంటుంది. ఊళ్ళో ఇంట్లో పనికిరానిదీ, పారేయడానికి మనసొప్పనిదీ ఏదైనా ఉంటే, "గోపాలపురం పంపించేద్దాం" అంటారు. డెబ్భై ఏళ్ళుగా మా ఇంట్లో జరిగినది అదే. తలుపులు తీసి చూసేసరికి గుండె జారిపోయింది. కాళ్ళు విరిగిన కుర్చీలు, చిమ్నీలు లేని లాంతర్లు ఏడు, ఒక పెట్రోమాక్సు, తెగిన నులకమంచాలు, ఊరగాయ జాడీలు పదకొండు, రేడియో పోయినా మిగిలిన రేడియో లైసెన్సు పుస్తకాలు, 1949 మొదలు ఏడాదికొకటి చొప్పున పంచాంగాలు. దానికి తోడు ఉప్పుగాలి. ఆ గాలికి ఇనుమన్నది నిలవదు. మేకు పట్టుకొంటే పొడి రాలుతుంది.

బెంగుళూరు అన్నయ్య కూతురు చదువుకొన్న పిల్ల. మొదటిరోజే వరండాలో ముగ్గుపిండితో మూడు గళ్ళు గీసింది. ఒకటి ఉంచవలసినవాటికి, ఒకటి ఎవరికైనా ఇవ్వవలసినవాటికి, ఒకటి పారవేయవలసినవాటికి. సాయంత్రానికి చూస్తే మూడు గళ్ళూ సగం ఖాళీగానే ఉన్నవి. సామానంతా గళ్ళకు అవతల మెట్లమీద ఉన్నది. "ఇదేమిటి?" అని పిల్ల నిలదీస్తే, "తర్వాత చూద్దామమ్మా" అన్నాడు పెద్దన్నయ్య. ఆ మాటే మా ఇంటిపేరుగా పెట్టుకోవచ్చును.

అన్నిటికంటె చిక్కు తెచ్చిపెట్టినవి గిన్నెలు. పూర్వం పెళ్ళిలో చదివించే ప్రతి గిన్నెమీదా ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించేవారు గదా. ఇత్తడివి, కంచువి, తర్వాత స్టీలువి — అటకమీదనుంచి దించితే అరవైదాకా లెక్క తేలినవి. వాటిని తిప్పి చదవడం మొదలుపెట్టేసరికి పొద్దు తెలియలేదు. ఫలానా పెదనాన్నగారు, ఫలానా రంగూను మేనత్త. మనిషి పోయి నలభై ఏళ్ళయినా పళ్ళెం మీద పేరు మెరుస్తున్నది. ఆ పళ్ళేన్ని తూకానికి వేయమని ఎవరికి నోరువస్తుంది? వదిన చివరకు చీర చెంగుతో తుడిచి అన్నీ మళ్ళీ పెట్టెలో సర్దింది. బెంగుళూరు పిల్ల ఏమీ అనలేదు. తన పేరు గల ఉగ్గుగిన్నె ఒకటి అందులో దొరికినది, దానిని సంచీలో వేసుకొన్నది.

మేము వెళ్ళిన రోజుల విశేషం ఒకటి చెప్పాలి. కార్తీక శుద్ధ ఏకాదశి మొదలు పూర్ణిమదాకా ఐదు రోజులను ఒడియావారు పంచుక అంటారు. కార్తీకమంతా చేప, మాంసం మానినవారు సరే; మాననివారుకూడా ఈ ఐదు రోజులు ముట్టరు. ఈ రోజుల్లో కొంగ సైతం చేపను తాకదని వాళ్ళ నానుడి. మా కొత్తకోడలు ఒడియా పిల్ల. మాకు కార్తీక సోమవారాలు, ఏకాదశి, పూర్ణిమ తప్ప పట్టింపు లేదు గాని, ఆ పిల్ల ఒక్కతె పప్పన్నం తింటుంటే పక్కన కూర్చుని మేము చేపలపులుసు తినడం బాగుండదని వదిన అందరికీ పప్పే వండింది. సముద్రం ఒడ్డున కూర్చుని ఐదు రోజులు పప్పు తిన్నవాళ్ళం మేమే కాబోలు! పూర్ణిమ మర్నాటి పాడ్యమిని వాళ్ళు ఛాడఖాయి అంటారు. ఆ రోజున ఇంటింటా చేపో మాంసమో ఉడకవలసిందే. ఆ పూట చేపకు పలికే ధర సంవత్సరంలో మరెప్పుడూ పలకదు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, ముందు పనిబడుతుంది.

రెండవరోజు క్షీరాబ్ది ద్వాదశి. పొద్దున్నే కబాడీవాడు బండితో వచ్చాడు. వాడు రావడంతో మాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. పేర్లు లేని సామాను ఇంకా చాలా ఉన్నది. తుప్పు మంచాలు, కుట్టుమిషను కాళ్ళు, బొక్కెనలు అన్నీ వేశాము. వెనక గదిలో రెండు గోనె సంచులుంటే అవీ ఈడ్చుకొచ్చాము. మూతి విప్పి చూస్తే చిక్కులు పడిన పాత వల, దానికింద సీసపు గుళ్ళు. "ఇదెక్కడిది?" అని ఒకరం అన్నాము. "ఎవరికి కావాలి, వేసేయండి" అని మరొకరం అన్నాము. ఎవరన్నారో ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేదు. ఇనుముకు ఇచ్చినదానికి నాలుగింతలు ఇచ్చాడు కబాడీవాడు. ఆ డబ్బుతో పిల్లలకు మిఠాయి తెప్పించాము. సాయంత్రం తులసికోటలో ఉసిరికొమ్మ నాటి, దీపాలు పెట్టి, ఇల్లు తేలికపడిందని ఎంతో తృప్తిగా కూర్చున్నాము.

మూడవరోజు పిల్లలు గాలాలు వేస్తామని గోల. ఊరి పక్కన ఉప్పుటేరుకు తీసుకువెళ్ళాము. వెదురుకర్ర, దారం, కొక్కెం, ఎరకు గోధుమపిండి ముద్ద. పంచుక పట్టిన కోడలే ఉండలు చేసి ఇచ్చింది. "నేను తినను గాని, ఆడుకొనే పిల్లలను ఆపను" అన్నది. రెండు గంటలకు ఒక జెల్ల పడింది. జెల్ల రెక్కలదగ్గర ముల్లుంటుంది. దానిని కొక్కెంనుంచి విడదీయబోయి చెల్లెలి కొడుకు వేలు పొడిపించుకొన్నాడు. వాడి ఏడుపు విని వచ్చినది మామ్మ.

మామ్మ అంటే మాకు చుట్టం కాదు. అక్కడి నోలియా పేటలో ఉండే ముసలమ్మ. గోపాలపురంలోనూ, పూరీలోనూ సముద్రం మీద వేటాడేవారిని ఒడియావారు నోలియాలంటారు. వారు తెలుగువారు, తరాల కిందట దక్షిణంనుంచి తీరం వెంట పైకి వచ్చినవారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బజారులో ఒడియా. మన భాష చదవడం మాత్రం ఆ పేటలో చాలామందికి రాదు. మామ్మ భర్త మా నాన్నగారి కాలంనుంచి ఇల్లు కనిపెట్టుకొని ఉండేవాడు. ఆయన పోయాక ఆమె నెలకొకసారి వచ్చి ఊడ్చి, దీపం పెట్టి పోతున్నది. మేము ఇచ్చేది ఏపాటి? చెప్పుకొంటే సిగ్గు.

పిల్లవాడి వేలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టించింది మామ్మ. అరగంటకు వాడి ఏడుపు తగ్గినది. తర్వాత వెనక గది తలుపు తీసి చూసి, గడపమీద నిలబడిపోయింది.

"బాబూ, ఇక్కడ రెండు గోనిసంచులుండాల. ఏటయిపోనాయి?"

ఎవరమూ మాట్లాడలేదు. పెద్దన్నయ్యే చెప్పవలసి వచ్చింది.

"అవి మీవేటి బాబూ? తుపాను నాడు అయ్యగోరే గది తాళం తీసిచ్చి, ఇక్కడెట్టుకోండర్రా అన్నారు. ఆ గుళ్ళు మా ముసిలోడు పోతపోసినవి" అన్నది. కేక వేయలేదు, తిట్టలేదు. అదే మాకు మరీ కష్టమయింది.

ఆమె చెప్పిన తుపాను 2013 అక్టోబరు 12న వచ్చినది. ఫైలిన్ అని పేరు పెట్టారు. సరిగ్గా గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆనాడు దుర్గాష్టమి. ముందుగానే లక్షలమందిని తీరంనుంచి తరలించారు గనుక ప్రాణాలు దక్కినవి గాని, పడవలు, వలలు, ఇళ్ళు పోయినవి. మా ఇంటి వరండా కప్పు ఎగిరిపోయింది. వెనక గది గోడలు మందం గనుక అది మాత్రం చెక్కుచెదరలేదు. నాన్నగారు ఆ పేటవారిని అక్కడ సామాను పెట్టుకోమన్నారట. మాతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పవలసినంత పెద్ద సంగతిగా ఆయనకు తోచి ఉండదు.

రాత్రికి అసలు విషయం తెలిసింది. మామ్మ కొడుకు పాత అలివి వలను మళ్ళీ కట్టుకొంటున్నాడు. ఛాడఖాయి పొద్దున్నే దించాలని పదిరోజులుగా పని. సీసమొక్కటే తక్కువ, అది మా గదిలో ఉన్నదని ధీమా. అలివి వలకు పైతాడున బెండ్లు, అడుగుతాడున సీసపు గుళ్ళు ఉంటవి. బెండ్లు పైకి లాగాలి, గుళ్ళు కిందికి లాగాలి. అప్పుడే వల నీళ్ళలో గోడవలె నిలబడుతుంది. గుళ్ళు చాలకపోతే అడుగుతాడు ఇసుకను వదిలి లేస్తుంది. ఆ సందులోనుంచి చేపంతా వెళ్ళిపోతుంది.

మా గిన్నెలమీద పేర్లున్నవి గనుక మేము ఆగాము. ఆ గుళ్ళమీద పేరు లేదు.

నాలుగవరోజు తెల్లవారకముందే ముగ్గురం ఆటో చేసుకొని బరంపురం వెళ్ళాము. కబాడీవాని కొట్టు వెతికి పట్టుకొనేసరికి ఎనిమిదయింది. ఒక సంచీ మూలన ఉన్నది. వలతోసహా అలాగే ఉన్నది. రెండవది ముందురోజే కరిగించేచోటికి పోయిందన్నాడు. వాడిని అని ఏం లాభం? అమ్మినది మేము, కొన్నది వాడు. తిరిగి అడిగితే కొన్నదానికి మూడోవంతు ఎక్కువ పుచ్చుకొన్నాడు. మిఠాయి అరగకముందే డబ్బు చేతులు మారింది. పోయిన సంచీకి బదులు వలసామాను అమ్మే కొట్టులో కొత్త సీసం తూయించి కొన్నాము.

పేటకు తీసుకువెళ్ళి ఇస్తే మామ్మ కొడుకు తలవంచుకొని సంచీ విప్పాడు. పాత గుళ్ళను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకొని పక్కన పెట్టాడు. చేత్తో పోసినవి, ఒకదానివలె ఒకటి ఉండదు. కొత్తవి యంత్రం మీద చేసినవి, నున్నగా ఉన్నవి. డబ్బు ఊసెత్తితే, "ఉంచండి బాబూ, పనుంది, కూకోండి" అన్నాడు. కూర్చున్నాము. ఆ పగలు, ఆ రాత్రి పదిగంటలదాకా ఆ పేటలోనే ఉన్నాము. గుళ్ళకు తాడు ఎక్కించడం మగవారికి, బెండ్లు సరిచూడడం ఆడవారికి వచ్చినది. పెద్దన్నయ్య ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడు. ఆయన వేసిన ముడులు పదింటిలో నాలుగు విప్పి మళ్ళీ వేశారు. బెంగుళూరు పిల్ల మాత్రం గంటలో నేర్చుకొన్నది. పాత గుళ్ళను అతను వలకు నడిమధ్యకు, సంచీ వచ్చే చోటికి ఎక్కించాడు. ఎందుకని అడిగితే, అక్కడే బరువు కావాలన్నాడు.

ఐదవరోజు పూర్ణిమ. ఆనాడు పని లేదు. చీకటితోనే ఊరంతా నీళ్ళ ఒడ్డున చేరినది. ఒడియావారు అరటిదొన్నెలతో, కాగితంతో, బెండుతో చిన్న పడవలు చేసి, దీపం, తమలపాకు, వక్క పెట్టి నీళ్ళలో వదులుతారు. బోయిత బందాణ అంటారు దీనిని. పూర్వం జావా, సుమత్రా దీవులకు ఓడలమీద వెళ్ళిన వర్తకులను తలచుకొని చేసే పండుగ. మనవాళ్ళు కార్తీకంలో అరటిదొప్పలలో దీపాలు వదలడం ఎరిగినదే గనుక పిల్లలకు వింత అనిపించలేదు. కోడలు ఒక పడవ, వదిన ఒక దొప్ప పక్కపక్కన వదిలారు. సముద్రంలో దీపం నిలుస్తుందా! మొదటి అలకే రెండూ బోర్లాపడినవి. ఇద్దరూ నవ్వుకొన్నారు. పెద్దన్నయ్య జెట్టీ స్తంభాల వంక చూస్తూ నిలబడ్డాడు. తాతగారు ఎక్కిన స్టీమరు ఎక్కడ లంగరు వేసేదో మాకెవరికీ తెలియదు. అడుగుదామంటే చెప్పేవారు లేరు.

ఛాడఖాయినాడు తెల్లవారుజామున పడవ వలనెత్తుకొని వెళ్ళింది. ఒక తాడు కొస ఒడ్డునే ఉంచి, పడవ అర్ధచంద్రాకారంగా వల జారవిడుస్తూ పోయి, రెండవ తాడుతో దూరాన ఒడ్డు చేరుతుంది. తర్వాత రెండు జట్లు రెండు తాళ్ళూ పట్టి లాగుతూ, క్రమంగా దగ్గరకు జరుగుతారు. పడవ ఇప్పుడు ఫైబరుది. పూర్వం కొబ్బరితాడుతో కుట్టిన పడవలుండేవి, మేకు ఒక్కటి ఉండేది కాదు. అలల దెబ్బకు అదే ఓర్చుకొనేదని ముసలివారు చెబుతారు.

మేమూ తాడు పట్టాము. చూడడానికి తేలికే. పది నిమిషాలకు అరచేతులు బొబ్బలెక్కినవి, మడమలు ఇసుకలో దిగబడినవి. మాకు ముందున్న మనిషి డెబ్భై ఏళ్ళవాడు, బీడీ నోట్లోనుంచి తీయకుండా లాగుతున్నాడు. గంటన్నరకు సంచీ ఒడ్డుకు వచ్చింది. అందరూ గబగబా ముందుకు వెళ్ళారు. మామ్మ కొడుకు చేపలు చూడలేదు. ముందు అడుగుతాడు పట్టుకొని చూశాడు. దాని పొడుగునా ఇసుక ఉన్నది. వల నేల వదలలేదన్నమాట.

గొప్ప వేట ఏమీ కాదు. నెత్తళ్ళు, కవళ్ళు ఎక్కువ, కానాగంతలు రెండు బుట్టలు, చందువాలు నాలుగు. ఒక చిన్న తాబేలు కూడా పడితే మారుమాట లేకుండా తీసి నీళ్ళలో వదిలారు. ఇక్కడికి ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట చలికాలం చివర వేలకొలది తాబేళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెడతవి. అందుకని ఆ చుట్టుపట్ల ఏటా నవంబరునుంచి మే ఆఖరుదాకా వేటకు ఆంక్షలున్నవి. కానాగంతలు ఇసుకమీదనే బేరమయి బరంపురం వెళ్ళిపోయినవి. ఆనాటి ధరకు రెండు బుట్టలే ఒక వారం వేటకు సమానమన్నారు. వల ఉన్నవానికి పెద్ద పాలు, లాగినవారికి తలా ఒక పాలు. మాకూ పాలు పెట్టారు, వద్దన్నా వినలేదు. ఎనిమిది కానాగంతలు, ఒక దోసెడు నెత్తళ్ళు. కోడలు తన చేతులతో ఆవపెట్టి ఒడియావారి పద్ధతిలో వండింది. మా వదిన చింతపండు పులుసు పెట్టింది. రెండు గిన్నెలూ ఖాళీ అయినవి.

బయలుదేరేముందు అన్నదమ్ములం వరండాలో కూర్చుని మాట్లాడుకొన్నాము. ఇల్లు అద్దెకివ్వక తప్పదు. కప్పు బాగుచేయించే శక్తి మాకు ఒక్కొక్కరికీ లేదు. అయితే వెనక గది అద్దె కాగితంలో ఉండదు. వీధివైపునుంచి దానికి వేరే తలుపు పెట్టిస్తున్నాము. తాళంచెవి మామ్మకిచ్చాము. అద్దెకు వచ్చేవారు ఒప్పుకోకపోతే ఏం చేస్తారని రెండో అన్నయ్య అడిగాడు. ఒప్పుకొనేవారు వచ్చేదాకా చూద్దామన్నాడు పెద్దన్నయ్య. ఆరు రోజుల్లో ఆయన "చూద్దాం" అన్నందుకు ఎవరమూ విసుక్కోనిది అప్పుడే.

ఇక మెట్లమీది సామానులో పుస్తకాలు మిగిలినవి. పాత "భారతి" సంచికలు ఒక పెట్టెడు, పంచాంగాలు ఒక పెట్టెడు ఉన్నవి. అంచులు చెదలు తిన్నా అక్షరాలు బాగున్నవి. సంఘ సభ్యులలో ఎవరికైనా, ఏ ఊళ్ళో గ్రంథాలయానికైనా పనికివస్తాయనుకొంటే ఈ పత్రిక కార్యాలయానికి ఒక కార్డు రాయవలసినది. తపాలా ఖర్చు మేమే పెట్టుకొంటాము. చందమామలు మాత్రం ఇవ్వలేము. వాటిమీద పిల్లలు పేర్లు రాసుకొన్నారు. ఒకరు ఒడియాలో, ఒకరు కన్నడంలో, చెల్లెలి కొడుకు కట్టుకట్టిన వేలితో తెలుగులో.